మిద్దె మీద నడక

ప్రొద్దుటూరులో పట్టపగలు, వేటకొడవళ్ళతో బయల్దేరిన జీపును రొమ్ము విరుచుకుని ఆపిన మనిషిని నేను. ఇంజను గుర్రుమంటోంది. వెనక కూర్చున్నవాళ్ళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను సందు మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, "నన్ను తొక్కుకుని పోండి, అంతేగానీ ఈ జీపు ముందుకు కదిలేది లేదు" అన్నాను. బంపరు వచ్చి నా పొట్టకు ఆనింది. నేను కదల్లేదు. జీపే ఆగింది. ఆ రోజు నేనా పని చేయకపోయి ఉంటే ఒక అమాయకుడి ప్రాణం పోయేది. అప్పటికి నేను డిగ్రీ చదువుతున్న కుర్రవాణ్ణి.

ఈ సంగతి ఇలాగే, ఇంతకంటే కాస్త ఎక్కువగానే, మొన్న పులివెందులలో ఒక కాలేజీలో మైకు ముందు చెప్పాను. నన్ను పిలిచింది సుగుణ. అక్కడ లెక్చరరు. మా రోజుల్లో ప్రొద్దుటూరు కాలేజీలో డ్రిల్లు మాస్టరుగా ఉండిన దేవదానం సారు కూతురు. సారు పోయి చాలా కాలమైంది గానీ ఆయన గొంతు, ఆయన మొండితనం ఈమెలో అలాగే ఉన్నాయి. "అన్నా, మా పిల్లోళ్ళకు బీపీలు చూపిస్తాండాము, నడుములు కొలుస్తాండాము. ఈ వయసుకే కొందరికి బీపీ ఉంది. లెక్చరు ఇస్తే ఒక్కరూ వినరు. నువ్వు మా నాయన చేతి కింద ఒళ్ళు తగ్గించుకున్నోడివి గదా. ఆ సంగతి వచ్చి చెప్పిపో" అంది ఫోనులో. నా భార్య పోయాక నన్ను ఎక్కడికైనా రమ్మని పిలిచేవాళ్ళు తక్కువ. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

షామియానా కింద ఒక నర్సు బీపీ చూస్తోంది. పక్కన సుగుణ టైలరు టేపు పట్టుకుని నడుములు కొలుస్తోంది. టేపు దగ్గరికి రాగానే మగపిల్లలు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటున్నారు. "ఊపిరి ఇడువప్పా, ఇడిస్తే గదా నువ్వెంతుండావో తెలిసేది" అని ఆమె వీపు మీద చరుస్తోంది. క్లాసు మెట్ల దాకా మోటారు సైకిళ్ళు వచ్చి ఆగుతున్నాయి. క్యాంటీను వైపు నుంచి పెనం మీద సాసు మాడుతున్న వాసన. నేను చూస్తూ నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. చివరి వరుసలో ఒక అమ్మాయి, బాగా లావు మనిషి, పుస్తకాల సంచి ఒళ్ళో అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పక్కన బెంచీ ఖాళీగా ఉంది. అంత ఖాళీ బెంచీని చూసి నాకు చాలా ఏళ్ళయింది.

నేను జీపు కథ చెప్పాను. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. అప్పుడా అమ్మాయి కూర్చునే అడిగింది: "సార్, జీపును ఆపినారు, సరే. ఒళ్ళు ఎట్ల తగ్గించినారు?" అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వి, టైమైపోయిందన్నట్టు గడియారం చూసుకుని కూర్చున్నాను. తిరుగు బస్సు ముద్దనూరు దాటేదాకా ఆ ప్రశ్న నా పక్క సీట్లో కూర్చునే వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే సంగతి. ఆ ఒక్కటే నేను చెప్పలేదు. ఎందుకంటే అది చెప్పాలంటే శివన్న గురించి చెప్పాలి, పెద్దమ్మ గురించి చెప్పాలి. అప్పుడు జీపు కథలో నా రొమ్ము అంత వెడల్పుగా కనిపించదు.

మా ఊరు మైలవరం ప్రాజెక్టుకు అవతల. మా వైపు పార్టీ అంటే జెండా తర్వాత, మనుషులు ముందు. ఎన్నికలకు జెండాలు మారేవి గానీ పగలు మారేవి కావు. ఊళ్ళో ఒక వర్గానికి మా పెదనాయన పెద్ద. కోర్టు వాయిదాకు పోయి వస్తుంటే జమ్మలమడుగు రోడ్డులో ఆయన్ను చంపేశారు. ఆ తర్వాత ఆయన కొడుకు శివన్నను ఊళ్ళో ఉంచడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. ప్రొద్దుటూరులో నూనె మిల్లు వెనక సందులో ఒక ఇల్లు తీసుకుని, చదువు పేరుతో వాణ్ణి అక్కడ పెట్టింది, తనూ వచ్చి ఉండిపోయింది. వాడికి తోడుగా నన్ను పంపారు. కాపలాకూ జీపు నడపడానికీ ఓబులేసన్న వచ్చాడు. మేకలూ గొర్రెలూ కాసిన ఇంటివాడు, కర్రలా సన్నగా ఉండేవాడు, మాట కర్రతో కొట్టినట్టు ఉండేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. శివన్నా నేనూ రోడ్డు మీద నడవకూడదు. గడపలో జీపు ఎక్కాలి, క్లాసు మెట్ల దగ్గర దిగాలి, మళ్ళీ మెట్ల దగ్గర ఎక్కి గడపలో దిగాలి. సందు చివర అంగడికి కూడా ఓబులేసన్నే వెళ్ళాలి. ఊళ్ళో శివన్న కబడ్డీకి దిగితే పట్టుకునేవాడు లేడు, కూత ఆపకుండా అందర్నీ తాకి వచ్చేవాడు. అలాంటివాడు కిటికీ పక్క పడక కుర్చీలో కూర్చుని, సందులో పిల్లలు ఆడుకునే బచ్చాలాట చూస్తూ సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవాడు. టైలరు ఇంటికే వచ్చి చొక్కాలు కొలుచుకునేవాడు, వచ్చిన ప్రతిసారీ, "అప్పా, గుడ్డ కొంచెం ఎక్కువ పడతాది" అనేవాడు. "పెరిగే పిల్లోణ్ణి గదా" అని శివన్న నవ్వేవాడు. ఒకసారి మాత్రం కిటికీ వైపు తిరిగి, "రేయ్, ఒక్క పూట పెన్నలో ఇసక మీద పరిగెత్తాలని ఉందిరా. ఉత్త కాళ్ళతో. ఇసక సర్రుమని కాలుతుంటే" అన్నాడు. నది మా ఇంటికి ఎంతో దూరం లేదు. వాడికి అదే కాశీ అంత దూరం.

మా పెద్దమ్మకు భయం వేస్తే వంట చేసేది. ఊరి నుంచి కబురు వచ్చిందంటే వంటింట్లో పొయ్యి రాజుకునేది. ఎవరినో తరిమారంటే గుంతపొంగణాలు, ఎవరికో దెబ్బలు తగిలాయంటే ఓళిగలు, మనిషి పోయాడంటే నాటుకోడి. నాటుకోడి మాట నేను కల్పించాను, మనిషి పోయిన రోజు కోడి ఎవరు కోస్తారు? మిగిలింది మాత్రం నిజం. తమలపాకు వేసి కాచిన నెయ్యి వాసన, ఎల్లిపాయ కారం నూరే రోటి చప్పుడు, గోడ అవతల మిల్లులో చెనక్కాయలు వేగే పచ్చి నూనె వాసన, ఈ మూడూ కలిసి ఆ ఇంటి గాలి. రాగి సంగటి ముద్దలో గుంత చేసి, గుంత నిండా నెయ్యి పోసి, గుంత పొంగి పళ్ళెంలోకి కారేదాకా గంటె తీసేది కాదు. "తినండప్పా. బయట యాడా పోయేది లేదు, ఏమీ చేసేది లేదు. కడుపన్నా సల్లగుండనీ" అనేది. మేము త్రేన్చేదాకా ఆమె కూర్చునేది కాదు. మెతుకు వదిలేస్తే ముఖం పాలిపోయేది. మా ప్రాణాలు కాపాడటానికి ఆమె చేతిలో ఉన్న ఆయుధం ఆ గంటె ఒక్కటే, ఆమె దాన్ని కింద పెట్టలేదు.

శివన్నది పై తరగతి. కాలేజీలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. గురి తప్పిన బాంబు ఎవరికి తగులుతుందోనని ఇళ్ళలో తల్లులు చెప్పి పంపేవారు. నలుగురు పట్టే బెంచీ నాకొక్కడికే. రెండేళ్ళలో దాన్ని నేనొక్కణ్ణే నింపేలా తయారయ్యాను. నన్ను 'మూట' అని పిలిచేవారు, అదీ ముందర కాదు, నేను దాటిపోయాక. ముందర పిలిచి ఉంటే తిరిగి ఏదైనా తిట్టి ఉండేవాణ్ణి, తిట్టుకున్నంత సేపైనా ఒకరితో మాట్లాడినట్టు ఉండేది. ఆ కాలేజీ మొత్తంలో నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి దేవదానం సారు ఒక్కరే. జమ్మలమడుగు మిషను ఆసుపత్రి పక్కన పుట్టి పెరిగినవాడు. మెళ్ళో ఈల వేలాడేసుకుని, సైకిలు మీద నిటారుగా కూర్చుని వెళ్ళేవాడు.

ఆయనే ఒకరోజు మా ఇంటికి వచ్చి, శివన్ననూ నన్నూ పెరటి తలుపు గుండా మిల్లులోకి తీసుకుపోయి, చెనక్కాయల మూటలు తూచే కాటా మీద నిలబెట్టాడు. హమాలీలు పని ఆపి చూశారు. ఓబులేసన్న, "సార్, మూటకు తరుగు తీసెయ్యండి, సంచి బరువు గూడా పడింటాది" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. సారు నవ్వలేదు.

"శివా, మిద్దె మెట్లెక్కితే ఆయాసం వస్తాందా?"

"మిద్దె ఎవరెక్కుతారు సార్?"

"మీ అబ్బ, మీ నాయనకు నాయన, ఎట్ల పోయినాడు?"

"మంచం మీద కూకోని ఉన్నోడు కూకోనే పోయినాడంట. మా ఇంట్లో మంచం మీద పోయింది ఆయనొక్కడే, అదృష్టవంతుడు."

"జమ్మలమడుగుకు పోదాం రా. డాక్టరుకు గుండె చూపించుకుందువు. సిగరెట్టు మానెయ్. పొద్దున సాయంత్రం ఆ మిద్దె మీదన్నా నడు. ఇది నేను సరదాకు చెప్పే మాట గాదు."

శివన్న కాటా దిగి చొక్కా సర్దుకున్నాడు. "సార్, నా గుండెకు జబ్బని ఊళ్ళో తెలిసిందనుకో, అవతలోళ్ళు నా మీద బాంబు గూడా దండగ అనుకుంటారు" అన్నాడు. మళ్ళీ నవ్వాం. ఇప్పటికీ నాకు ఆ నవ్వే వినిపిస్తుంది, ముఖం గుర్తు చేసుకుందామంటే సరిగా రాదు.

శివాలయం వీధి మలుపులో మస్తాన్ మామ దోశల బండి ఉండేది. ఎర్రకారం, దాని మీద పప్పుల పొడి, దాని మీద వెన్న. వారానికొకసారైనా ఓబులేసన్న పొట్లం తేవాల్సిందే. ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ పెట్టిన భోజనం అరక్కముందే దోశ వచ్చింది. శివన్న సగం తుంచి నాకిచ్చాడు. ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం. కాసేపటికి వాడు, "రేయ్, గుండీ తియ్యి, ఉక్క పోస్తాంది" అన్నాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది. గుండీ తీశాను. ఇంకో గుండీ తియ్యమని చెయ్యి ఎత్తాడు, ఆ చెయ్యి రొమ్ము మీదే ఆగిపోయింది. జీపులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికే అయిపోయింది. డాక్టరు స్టెతస్కోపు తీసి మెళ్ళో వేసుకుంటూ, "గుండెపోటు" అన్నాడు. ఆ మాట మాతో వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ఎక్కలేదు. గుండెపోటు ముసలివాళ్ళకు వస్తుంది. మా ఇంట్లో వయసులో ఉన్న మగవాడు పోయాడంటే దానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి ఒక పార్టీ ఉండాలి. మా వాళ్ళకు చావు గురించి తెలిసింది అంతే.

సాయంత్రానికి ఊరి నుంచి మా నాయన, మరికొందరూ వచ్చారు. వసారాలో దోశ పొట్లం ఆకు ఇంకా పడి ఉంది. బయటి నుంచి వచ్చిన తిండి ఆ రోజు అదొక్కటే. మస్తాన్ బండి నిలబెట్టుకునేది అవతలి వర్గంవాళ్ళ అంగడి ముందర. ఇంకేం కావాలి? పొద్దునకల్లా మస్తాన్ విషం పెట్టాడన్నది తేలిపోయింది. ఎవరు తేల్చారని అడిగితే ఎవరూ లేరు. శవం లోపల ఉంది, పెద్దమ్మ శవం దగ్గర ఉంది. బయట జీపు స్టార్టయింది. ముందు సీట్లో మా నాయన, స్టీరింగు మీద ఓబులేసన్న.

ఇక్కడి నుంచి నేను మొదట చెప్పింది కొట్టేసుకుని చదవండి. నేను నిలబడలేదు, పడ్డాను. మిద్దె మీద ఒంటరిగా కూర్చుని ఏడుస్తున్నవాణ్ణి, జీపు చప్పుడు విని మెట్ల మీదుగా పరిగెత్తాను. ఆ దోశలో సగం నేను తిన్నానని, విషమైతే నేనూ పోయి ఉండాలని చెప్పడానికే పరిగెత్తాను. పరుగు అనే పని చేసి నాకు రెండేళ్ళయింది. చేతిలో ఏదో ఉన్నట్టు గుర్తు, టవలేమో. సందులోకి వచ్చేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి, గొంతు నుంచి గాలి తప్ప మాట రాలేదు. జీపు ముందర బోర్లా పడ్డాను. బంపరు పొట్టకు ఆనిందన్నది అబద్ధం. పొట్టకు ఆనింది బురద.

"వీనికీ పెట్టినారు ఇసం!" అని ఎవరో అరిచారు. ఓబులేసన్న నన్ను ఎత్తలేక, మా నాయనతో కలిసి ఈడ్చి జీపులో వేశాడు. మస్తాన్ దగ్గరికి పోవాల్సిన జీపు డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన నాడి చూశాడు, బీపీ చూశాడు, నా కనురెప్పలు పైకెత్తి చూశాడు. "నిన్న ఏం తిన్నావు?" అని అడిగాడు. ఊపిరి అందుకుని, అన్నతో కలిసి సగం దోశ తిన్నానని అప్పటికి చెప్పగలిగాను. ఆయన మా నాయన వైపు తిరిగి గట్టిగా అన్నాడు: "ఒకే ఆకులో తిన్నోడు బతికే ఉన్నాడు గదయ్యా. ఇది విషమా? మీరు ఒకణ్ణి కుర్చీలో కూకోబెట్టి పెంచినారు, పోయినాడు. ఇది రెండోవాడు. వీని బీపీ వీని వయసుకు ఉండాల్సింది కాదు. ఇట్లే మేపండి, మళ్ళ నా దగ్గరికే తెస్తారు."

వెనకనుంచి ఒకడు, "శివప్ప తిన్న సగంలోనే కలిపింటారు" అన్నాడు. ఆ మాట చాలు. నన్ను ఇంటి ముందు దించడానికి జీపు ఆగింది గానీ ఇంజను ఆగలేదు. దేవదానం సారు అప్పటికి గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పాడు. కాటా సంగతి, ఆయాసం సంగతి. ఆయన మాట ఎవరు వింటారు? అప్పుడు పెద్దమ్మ బయటికి వచ్చింది. జుట్టు ముడి వేసుకుంటూ, మామూలుగా పాలవాడి కోసం వచ్చినట్టే వచ్చింది.

"ఓబులేసూ, ఇంజను ఆపు."

"వదినా, నువ్వు లోపలికి పో" అన్నాడు మా నాయన.

"నేను పోను. యాడికి పోతాండారు మీరు?"

"నీ కొడుకును సంపినోని కాడికి."

"అయితే ఈన్నే, ఈ గడపలోనే దిగండి." ఆమె జీపు బానెట్టు మీద చెయ్యి పెట్టింది. "పోయిన నెల్లో నా కొడుకు మెట్ల కాడ రొమ్ము పట్టుకుని కూకున్న్యాడు. నేను చూసినా. ఏందిరా అంటే గ్యాసు అన్న్యాడు. నీరసమనుకున్న్యా నేను. ఆ పొద్దు ఇంకో గంటె నెయ్యి ఎక్కువేసినా. దోశలు అమ్ముకునే సాయిబుకు ఏం తెలుసప్పా? పెట్టింది నేను. ఎవరినన్నా నరికితే గానీ మీకు నిద్ర రాదంటే, రాండి, ఈన్నే ఉండా."

గోడ అవతల మిల్లు ఆడుతోంది. ఓబులేసన్న తాళం తిప్పాడు. మా నాయన దిగి, ఆమె ముఖం చూడలేక, ఇంటి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. జీపును ఆపింది ఆమె. ఒంటి మీద ఒట్టి నూలు చీర, చేతిలో ఏమీ లేదు. నేను ఇన్నేళ్ళుగా ఆమె రొమ్మును నా రొమ్ముగా చెప్పుకు తిరుగుతున్నాను.

పెద్ద కర్మ అయ్యాక ఆమె ఊరికి పోతుందనుకున్నాను. పోలేదు. నెయ్యి కుండ అటక మీదికి ఎక్కించింది. సంగటి ముద్ద చిన్నదైంది, పక్కన ఆకుకూర పెద్దదైంది. రోడ్డు మీద నడవకూడదన్న కట్టుబాటు మాత్రం మారలేదు, ఎందుకంటే మా పగలు మారలేదు. అందుకని ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "రా అబ్బీ, పైకి పోదాం" అని మిద్దె మీదికి తీసుకుపోయింది. అక్కడ పిట్టగోడ వెంబడి నడక మొదలైంది. ముందు నేను, వెనక ఆమె. మొదటి రోజు రెండు చుట్లకే కూర్చుండిపోయాను. "కూకో. ఆయాసం పోయినాక లెయ్" అంది. పోయాక లేపింది. అంతే, అదే నాకు తెలిసిన వైద్యం. రోజూ అలాగే. ఆమె శివన్న పేరు ఎత్తేది కాదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు. వెనకనుంచి ఉత్త పాదాల చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఆ చప్పుడు ఆగిందంటే పెన్న ఉన్న వైపు చూస్తూ నిలబడిందని అర్థం. నేను తిరిగి చూడకుండా నా చుట్టు నేను తిరిగేవాణ్ణి.

పక్క మిద్దెల మీద వడియాలు తీసుకునే ఆడవాళ్ళు మొదట నవ్వారు. సందులో పిల్లలు, "మూట నడుస్తాంది రోయ్" అన్నారు. దేవదానం సారు సాయంత్రాలు సందులో సైకిలు మీద పోతూ తల ఎత్తకుండానే ఈల ఊదేవాడు. ఒక్క ఈల అంటే వేగం పెంచమని, రెండంటే మెల్లగా నడవమని. చుట్టుపక్కలవాళ్ళకు ఆయనకు పిచ్చి పట్టిందనిపించి ఉండాలి. ఆర్నెల్లలో నేను గుర్రంలా తయారయ్యానని చాలామందికి చెప్పాను. గుర్రం లేదు, ఏమీ లేదు. టైలరు వచ్చి గుడ్డ ఎక్కువ పడుతుందని అనడం మానేశాడు. మెట్లెక్కితే మాట్లాడగలిగేవాణ్ణి. అంతే జరిగింది, అదే చాలింది. మస్తాన్ మామ మాత్రం మళ్ళీ మా ఇంటి వైపు రాలేదు. ఎవరో చెప్పి ఉంటారు. బండిని వేరే వీధికి మార్చుకున్నాడు.

చదువయ్యాక పెద్దమ్మ ఊరికి పోయింది, మేము ఆ ఇల్లు వదిలేశాం. పగలు వాటంతటవే అలిసిపోయి కొన్ని ఆగాయి, కొన్ని రాజీ అయ్యాయి, కొన్నిట్లో పగ తీర్చుకునేవాళ్ళే మిగల్లేదు. ఒకరోజు నేను పెన్నలో ఇసక మీద ఉత్త కాళ్ళతో నడిచాను. పరిగెత్తుదామనుకున్నాను, ఒక్కణ్ణే పరిగెత్తడానికి సిగ్గేసింది. ఇప్పుడు నా సొంత మిద్దె మీద రోజూ నడుస్తాను. నా భార్య ఉన్నన్నాళ్ళూ వెనక ఆమె అడుగులు ఉండేవి. ఇప్పుడు చుట్టూ నాకంటే ఎత్తు మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, వాటి మధ్య మనిషన్నవాడు కనపడడు. నడక మంచిదని డాక్టర్లు చెబుతారు. పక్కన మనిషి లేకుండా నడవడం ఎట్లాగో మాత్రం ఎవరూ చెప్పరు.

అందుకే సుగుణకు ఫోను చేశాను. చివరి వరుస అమ్మాయి సంగతి అడిగాను.

"ఆ యమ్మి హాస్టల్లో ఉంటాది అన్నా. గ్రౌండుకు పొమ్మంటే పోదు. అందరూ నవ్వుతారంటాది. రూములోనే కూకోని బిస్కెట్లు తింటాది. బీపీ గూడా ఎక్కువే చూపించింది."

"హాస్టలుకు మిద్దె ఉందా?"

"ఉంది. తాళమేసింటారు."

"తీయించు. ఒక్కదాన్నే పంపద్దు. ఎనక ఎవరన్నా నడవాల."

"నేను నడుస్తాలే" అంది సుగుణ. "ఈల గూడా ఉంది మా ఇంట్లో." తర్వాత, "అన్నా, ఆ జీపు సంగతి మా నాయన నాకు చెప్పినాడులే. మైకులో నువ్వు చెప్పింది వద్దు. జరిగింది రాసివ్వు, ఆ యమ్మికి చదివి ఇనిపిస్తా" అంది. మమ్మల్ని గదిలో మూసింది అవతలి వర్గం కత్తులు. ఆ పిల్లను మూసింది ఇవతలివాళ్ళ నవ్వులు. ఏవి మెత్తనివో నేను తూకం వేయలేను. రెండింటి లోపలా కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి రాశాను.

రాసింది పట్టుకుని తుమ్మలపల్లె వెళ్ళాను. ఓబులేసన్న అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుక్కు గనిలో ఉద్యోగం. ఆనాటి జీపులో ఉన్నవాళ్ళలో మిగిలింది ఈయనొక్కడే. ఇంకా కర్రలాగే ఉన్నాడు, చూపు తగ్గింది. వాకిట్లో నాలుగు మేకలు కట్టేసి, వాటికి తుమ్మకాయలు విదిలిస్తూ కూర్చున్నాడు. "ఏమప్పా, చిక్కినావే" అన్నాడు నన్ను తడిమి. నేను మొత్తం చదివి వినిపించాను. పెద్దమ్మ మాటల దగ్గర తువ్వాలు కళ్ళకు అద్దుకున్నాడు. కాటా దగ్గర తన మాటకు తనే నవ్వాడు. అయిపోయాక మేకలకు ఇంకొన్ని తుమ్మకాయలు విదిలించాడు.

"బాగా రాసినావు. ఆయమ్మను ఉన్నదున్నట్టు రాసినావు."

"ఇంక అబద్ధమేమీ లేదన్నా ఇందులో."

"ఒకటుంది." చేతిలో తుమ్మకాయలు అన్నీ ఒకేసారి మేకల ముందు పోసి, చేతులు దులుపుకున్నాడు. "నీ చేతిలో ఉన్నింది టవలు గాదు, మీ నాయన రెండో కొడవలి. నువ్వు పడినాక నేనే గుంజి కాలవలో పారేసినా. దోశ సంగతి నీకు డాక్టరు అడిగినప్పుడు గానీ గుర్తు రాల్యా. నువ్వు జీపును ఆపనీకి పరిగెత్తలేదప్పా, ఎక్కనీకి పరిగెత్తినావు. ఆయాసానికి కాలెత్తలేకపోయినావు, అంతే."